అనధికారిక సముద్రం

మా ఊళ్లో సముద్రం ఉంది. ఈ సంగతి మాకు మొదట్నుంచీ తెలుసు. పొద్దున్న లేస్తే వినిపిస్తుంది, మధ్యాహ్నం చెమటలు కక్కిస్తుంది, మూడేళ్లకోసారి కారు అడుగు రేకుని తుప్పు పట్టించి తినేస్తుంది. ఇరవై రెండేళ్లుగా విమానాశ్రయానికీ ఊరికీ మధ్య టాక్సీ తోలుతున్నాను. సముద్రం ఉందా లేదా అన్న అనుమానం నాకు ఒక్కరోజూ రాలేదు. అలాంటి అనుమానాలు బాగా చదువుకున్నవాళ్లకే వస్తాయి.

వచ్చింది. తీర నగరాలకి ర్యాంకులు ఇవ్వడానికి నిరుడు ముగ్గురు నిపుణులు దిగారు. ఏసీ కారెక్కి అద్దాలకి తెరలు లాక్కున్నారు. కిటికీలు లేని హోటల్ హాల్లో కూర్చుని రెండు రోజులు తీరాల భవిష్యత్తు గురించి మాట్లాడుకున్నారు. జీడిపప్పు ఉప్మా తిని మళ్లీ విమానమెక్కేశారు. రిపోర్టులో మాత్రం 'సముద్రం: మా పర్యటనలో కనబడలేదు' అని రాశారు. ఆ దెబ్బకి మా ఊరు పంతొమ్మిదో స్థానానికి జారిపోయింది. పద్దెనిమిదో స్థానం వచ్చిన ఊరికి అసలు సముద్రమే లేదు. పెద్ద చెరువుంది, దాని చుట్టూ రంగు దీపాలు పెట్టుకున్నారు.

ఇంకో ఊరైతే ఆ ముగ్గురినీ మళ్లీ పిలిచి బీచికి తీసుకెళ్లి ఊరుకునేది. మావాళ్లు అంత తేలిగ్గా తీసుకునే రకం కాదు. లోపం నిపుణుల్లో లేదు, సముద్రంలోనూ లేదు, వ్యవస్థలో ఉంది అని తేల్చారు. నెల తిరక్కుండా 'సాగర దర్శన ప్రాధికార సంస్థ' వెలిసింది. దానికో చిహ్నం కూడా గీయించారు. మూడు అలలు, వాటి మధ్యలో ఒక కన్ను. వెనకాలే ఉత్తర్వు వచ్చింది. అది నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే ప్రతి టాక్సీలోనూ వెనక సీటుకి ఎదురుగా అంటించుకోమన్నారు.

"విమాన మార్గమున నగరమునకు విచ్చేయు ప్రతి వ్యక్తియు, తన గమ్యస్థానమునకు చేరుటకు పూర్వము, ఆమోదిత వీక్షణ కేంద్రమునందు ఇరువది నిమిషములకు తక్కువ గాకుండ సముద్రమును దర్శించవలెను. దర్శించినట్లు ఎడమ ముంజేతిపై ముద్ర పొందవలెను. ముద్ర లేని వ్యక్తిని గమ్యస్థానమునకు చేర్చిన వాహన చోదకుని అనుమతి రద్దు చేయబడును."

మొదటి నెల బాగానే నడిచింది, అబద్ధమెందుకు. కొత్తగా వచ్చినవాళ్లు బీచి రోడ్డు పక్కన వేసిన సిమెంటు బల్లల మీద కూర్చుని, సముద్రాన్ని చూసి "అబ్బ!" అనుకుని, చేతికి నీలం ముద్ర వేయించుకుని హుషారుగా కారెక్కేవారు. నేను ఆ ఇరవై నిమిషాలూ టీ తాగేవాణ్ణి. చిక్కంతా ఊరివాళ్లతోనే వచ్చింది. కూతురి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చిన ఒక పెద్దాయన్ని ఎక్కించుకున్నాను. ఆయన ఫ్లాటు బీచి రోడ్డులోనే, నాలుగో అంతస్తు. ఆయన గుమ్మం ముందునుంచే కారు పోతుంటే, "ఆపవయ్యా బాబూ, పొద్దస్తమానం మా బాల్కనీలో కూర్చుని చూసేది ఈ సముద్రాన్నే కదా!" అని మొత్తుకున్నాడు. కేంద్రానికి తీసుకెళ్తే అక్కడ సమాధానం దొరికింది.

"బాల్కనీ దర్శనము స్వకీయము. కేంద్ర దర్శనము అధికారికము. ఒకదానికి బదులుగా మరియొకటి చెల్లదు."

ఆ మాటలన్నది పరాంకుశం గారు, సంస్థలో ఉప సంచాలకులు. అంతకుముందు తూనికలు, కొలతల శాఖలో పాతికేళ్లు పనిచేశారట. ఏదైనా కొలవకుండా వదిలిపెట్టడం ఆయన ఒంటికి పడదు. వచ్చిన వారానికే ఇసకలో గీతలు గీసిన స్తంభం పాతించారు. రెండడుగుల కంటే తక్కువ అల లేస్తే అది దర్శనం కింద లెక్కలోకి రాదు. సముద్రం మందకొడిగా ఉన్న రోజున నలభై టాక్సీల జనం ఒక మంచి అల కోసం బల్లల మీద బిక్కుబిక్కుమంటూ కూర్చునేవారు. అల లేస్తే విజిల్ ఊదేవారు. మంచు కమ్మిన రోజున 'నేడు సముద్రము వాయిదా' అని బోర్డు పెట్టేవారు.

తర్వాత చూపు మీద పడ్డారు. బల్లల మీద కూర్చున్నవాళ్లు నిజంగా సముద్రాన్నే చూస్తున్నారా, ఫోన్లు చూసుకుంటున్నారా అని కనిపెట్టడానికి దృష్టి పర్యవేక్షకులు వచ్చారు. ఒక ముసలావిడ సముద్రానికి దణ్ణం పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకున్న రెండు నిమిషాలూ కోసేసి, అదనంగా కూర్చోబెట్టారు.

ఒకసారి చూపులేని సంగీతం మాస్టారు ఒకాయన వచ్చారు. "నేను వింటానయ్యా, మీరనుకునే దానికన్నా బాగానే వింటాను" అన్నారు. వినికిడికి నిబంధన లేదు. పరాంకుశం గారు బాగా ఆలోచించి, మాస్టారి తరఫున సముద్రాన్ని చూసిపెట్టడానికి ఒక అటెండరుని నియమించారు. అటెండరు ఇరవై నిమిషాలూ కళ్లప్పగించి చూశాడు, మాస్టారి చేతికి ముద్ర పడింది. మాస్టారు కారులో దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నారు. మర్నాటినుంచీ పెద్దవాళ్లందరూ తమ తరఫున చూసిపెట్టేవాళ్లని అడగడం మొదలెట్టారు. పన్నెండు ప్రతినిధి వీక్షకుల పోస్టులు పడ్డాయి. వాళ్ల మీద ఇద్దరు సూపరింటెండెంట్లు, ముద్రల విభాగం, అలల విభాగం, అభ్యంతరాల విభాగం. నలుగురితో మొదలైన ఆఫీసు అరవైమంది అయింది.

అరవైమందికి భవనం కావాలి కదా. రోడ్డుకీ బల్లలకీ మధ్య జాగా లేదు. బల్లలకీ సముద్రానికీ మధ్య బోలెడుంది. అక్కడే కట్టేశారు, మూడంతస్తులు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. ఇప్పుడు బల్లల మీద కూర్చుంటే ఎదురుగా ఆఫీసు కనిపిస్తుంది. మరి సముద్రం సంగతేమిటని ఎవరో అడిగారు.

"భవనము సముద్రమునకు అడ్డు రాలేదు. సముద్రమే భవనమునకు వెనుకగా నున్నది" అన్నారు పరాంకుశం గారు. ఆ వారమే భవనం గోడకి అరవై అడుగుల ఫ్లెక్సీ కట్టించారు. దాని నిండా సముద్రం. వాయిదాలు లేవు, విజిళ్లు లేవు, అలలన్నీ ఎప్పుడు చూసినా రెండడుగులకి పైనే. ఆఫీసులో గాలి ధారాళంగా వస్తే కాగితాలు ఎగిరిపోతున్నాయని వెనకవైపు తలుపులూ కిటికీలూ మూసేసి మేకులు కొట్టించారు. మిగిలింది కింది అంతస్తులో స్టాఫు మరుగుదొడ్డి కిటికీ ఒక్కటే. మొత్తం భవనంలో సముద్రం కనిపించేది అక్కణ్ణుంచే. ఆ మరుగుదొడ్డి తాళంచెవి ముద్రల విభాగం హైమావతమ్మ గారి దగ్గర ఉంటుంది.

ఊరు విడిచి వెళ్లేవాళ్లు కూడా చేతి మీద ముద్ర చూపిస్తేనే విమానాశ్రయంలోకి పంపాలని మరో ఉత్తర్వు వచ్చింది. దానికి కూడా జనం అలవాటు పడ్డారు. నేనూ పడ్డాను. ఏం చేస్తాం, ఉప్పు గాలికి అలవాటు పడలేదూ?

ఇదిగో, ఇలా ఉండగా ఎల్లాజీ దిగాడు.

ఉదయం తొమ్మిదింబావు. విమానాశ్రయం బయట తెల్లచొక్కా, హవాయి చెప్పులు, తాడుతో కట్టిన అట్టపెట్టె పట్టుకుని, ఎండకి మాడి నల్లగా నిగనిగలాడుతున్న మనిషి నా కారు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"గవ్వలపాలెం ఎల్తావేటి బాబూ? బేగెల్లాల. మా మేనకోడలి పెళ్లి. పదకొండూ నలభై రెండుకి ముగూర్తం."

"ఎల్దాం. ఎక్కు. కాపోతే ముందు సముద్రం సూడాలి" అన్నాను.

అతను పెట్టె డిక్కీలో పెట్టబోతూ ఆగి, నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని నా ముఖంలోకి చూశాడు. తర్వాత పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

"నాను సముద్రం సూడాలా? గుజరాత్ రేవులో బోటెక్కి తొమ్మిది నెల్లయినాది. దాన్లోనే తిన్నాను, దాన్లోనే తొంగున్నాను. ఇంకేటి సూడాల?"

"అది ఆ పక్క సముద్రం. ఇది ఈ పక్కది."

"మా ఇల్లెక్కడో తెలుసా నీకు? పెద్ద అలొస్తే మా గుమ్మం కడిగి పోద్ది."

"అది ఆమోదిత గుమ్మం కాదు నాయనా" అన్నాను, సీటుకి అంటించిన కాగితం చూపించి. నా పర్మిట్ సంగతి కూడా చెప్పాను. అతను కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు, మంచివాడు, పెట్టె డిక్కీలో పెట్టి ఎక్కాడు. "పోనీలే, నీ పొట్ట కొట్టడం ఎందుకు. బేగి పోనీ" అన్నాడు.

దారిలో తెలిసింది. పెళ్లికూతురు నూకరత్నం, అతను 'అప్పా' అని పిలిచే అక్క పోలమ్మ కూతురు. రత్నానికి నాలుగేళ్లప్పుడు తండ్రి వేటకెళ్లి తిరిగి రాలేదు. బోటూ రాలేదు, మనిషీ రాలేదు. అప్పట్నుంచీ మేనమామే అన్నీ. చిన్నప్పుడు ఆ పిల్లని చేపల బుట్టలో కూర్చోబెట్టి, నెత్తిన పెట్టుకుని ఒడ్డంతా తిప్పేవాడట. "పెళ్లికి కూడా నువ్వే బుట్టలో ఎత్తుకెళ్లాలి మావా, ఇంకెవులెత్తినా నాను కూకోను" అని అప్పుడే మాట తీసుకుంది. మామూలుగా కూడా మేనమామ బుట్టలో పెళ్లికూతుర్ని పందిట్లోకి తేవాలి కదా, పోలమ్మకి తోడబుట్టినవాడు ఇతనొక్కడే. తుఫాను హెచ్చరికతో బోటు ఆలస్యంగా ఒడ్డుకి చేరింది. రైలైతే పెళ్లి అందదని జీవితంలో మొదటిసారి విమానం ఎక్కాడు. రేపు పొద్దున్నే మళ్లీ విమానం, ఎల్లుండికి బోటు మీద ఉండాలి.

ఫోను మోగింది. పోలమ్మ గొంతు ముందు సీట్లో ఉన్న నాక్కూడా వినిపించింది.

"ఒరే ఎల్లాజీ! ఏ తావున ఉన్నావురా?"

"కారెక్కేసేనప్పా. ఒచ్చేస్తన్నాను."

"బేగి రారా. పిల్ల నగలెట్టుకుని గుమ్మంలోనే కూకుంది. మావేడీ మావేడీ అని ఒకటే గోల."

"సముద్రం సూసేసి ఒచ్చేస్తానప్పా."

"తాగేవేట్రా?" అంది పోలమ్మ.

కేంద్రానికి చేరేసరికి పది అయింది. టోకెన్ చేతికొచ్చింది, రెండువందల పధ్నాలుగు. నడుస్తున్నది నూట ఎనభై. ఎల్లాజీ బల్లల వైపు చూశాడు, ఫ్లెక్సీ వైపు చూశాడు, చెవి రిక్కించాడు.

"సముద్రం ఆ ఆఫీసు ఎనకాల ఇనబడతంది గదా బాబూ?"

"ఎనక్కి సూడకు. ముందుకే సూడాలి."

పదీ నలభైకి అతని వంతు వచ్చింది. బల్ల మీద బుద్ధిగా కూర్చున్నాడు. దృష్టి పర్యవేక్షకుడు గడియారం నొక్కాడు. నేను అట్టే దూరం పోకుండా పక్కనే నిలబడ్డాను. ఇరవై నిమిషాలు, ముద్ర, తొమ్మిది కిలోమీటర్లు. మధ్యలో కొండముక్కు ఒకటి సముద్రంలోకి పొడుచుకొచ్చింది, దాన్ని చుట్టి రావాలి కాబట్టి రోడ్డు మెలికలు తిరుగుతుంది. అయినా పదకొండూ ఇరవైకి గుమ్మంలో దింపేస్తానని మనసులో లెక్క కట్టుకున్నాను.

ఐదు నిమిషాలు గడిచాయి. ఎల్లాజీ కళ్లు చిట్లించాడు. లేచి ఫ్లెక్సీ దగ్గరికి నడిచాడు. పర్యవేక్షకుడు విజిల్ ఊదాడు.

"ఇది మన సముద్రం కాదు" అన్నాడు ఎల్లాజీ.

"ఊరుకో నాయనా, నీకెందుకు, వచ్చి కూకో" అన్నాను గొంతు తగ్గించి.

"అది కాదు బాబూ, సూడు. పొద్దు సముద్రంలోకి దిగతంది. మనకాడ పొద్దు సముద్రంలోంచి లేస్తాది గానీ అందులోకి దిగతాదేటి? ఇది ఆ పక్క సముద్రం. అద్గో ఆ రెండో బోటుంది సూసేవా, పచ్చ రంగుది? అది మా బోటు. ఆ రంగు నానే ఏసేను." ఇంకో అడుగు ముందుకి వేసి ఒక్కసారి నోరు తెరిచేశాడు. "ఓలమ్మో! బోటు మీద వల లాగతన్న ఆ ఎర్ర బనీనోడు నానే!"

బల్లల మీద జనమంతా లేచి నిలబడ్డారు. నేనూ చూశాను. వెనకవైపే కనిపిస్తున్నా ఆ భుజాలు ముమ్మాటికీ అతనివే. ఎవరు ఎక్కణ్ణుంచి దించారో ఆ ఫొటో! పాపం ఆ మనిషి దేశానికి ఆ చివర్నుంచి ఈ చివరికి ఎగిరొచ్చి తన వీపు తనే చూసుకుంటూ కూర్చున్నాడు.

పరాంకుశం గారు బయటికి వచ్చారు. సంగతంతా విన్నారు. ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి బొమ్మలో మనిషినీ, ఎదురుగా మనిషినీ మార్చి మార్చి చూశారు. ఆయన ముఖంలో కొలతకి అందని వస్తువు దొరికిన కంగారు కనిపించింది.

"ఈ చిత్రమునందలి వ్యక్తివి నీవేనని ధ్రువీకరిస్తున్నావా?"

"నానే బాబూ. ముగూర్తానికి టైమైపోతంది, ముద్రెయ్యండి బాబూ."

"అదే సమస్య. నిబంధన ప్రకారము దర్శించువాడు సముద్రమునకు వెలుపల నుండవలెను. నీవు లోపల నున్నావు. చూచువాడును, చూడబడునదియు ఒక్కటే అయినచో దానిని అద్వైతమందురు, దర్శనమనరు. అద్వైతము మా శాఖ పరిధిలోనికి రాదు."

"అయితే ఏటి సెయ్యాల?"

"అభ్యంతరాల విభాగమునకు దరఖాస్తు చేసుకొనుము. వారు రెండు గంటలకు వచ్చెదరు. ఈ లోపున అనుభూతి పత్రము నింపవచ్చును."

అనుభూతి పత్రం ఆయనే చదివారు. "సముద్రమును చూచినపుడు నీకు కలిగినది, ఒకటి, ఆనందము. రెండు, మహదానందము. మూడు, పరమానందము. దేనికి టిక్కు పెట్టమందువు?"

ఎల్లాజీ హోరు వినిపించే వైపు తిరిగాడు. నెమ్మదిగా అన్నాడు. "మా బావ అందులోనే ఉన్నాడు బాబూ. పదహారేళ్లయినాది. సూసినప్పుడల్లా ఆడు ఎక్కడైనా తేల్తాడేమోనని సూస్తాను. దానికి ఎక్కడెట్టాల టిక్కు?"

పరాంకుశం గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. "ఆ గడి లేదు" అన్నారు. నాకు ఆ క్షణాన ఆయన్ని పట్టుకుని ఆయన స్తంభానికే కట్టెయ్యాలనిపించింది. పర్మిట్ గుర్తొచ్చి చేతులు జేబులో పెట్టుకున్నాను. సిగ్గుగా ఉన్న సంగతి చెప్పకుండా ఎలా ఉంటాను?

పదకొండూ ఐదు. పోలమ్మ మళ్లీ ఫోను చేసింది. ఈసారి గట్టిగా ఏడుస్తోంది. "పంతులు గారు తొందరెడతన్నారురా. ఇంకెవులినైనా బుట్టెత్తమంటన్నారు. పిల్ల కూకోనంటంది. తండ్రి రాలేదు, మావ కూడా సముద్రానికే పోనాడా అని ఏడస్తందిరా!"

ఎల్లాజీ ఫోను పెట్టేశాడు. ముఖం తుడుచుకున్నాడు. ఆఫీసు వంక ఒకసారి చూశాడు, దాని వెనక నుంచి వస్తున్న హోరుకి చెవి పెట్టాడు. తర్వాత గవ్వలపాలెంలో ఎవరికో ఫోను చేశాడు. "దానయ్యా, నీ బోటు దింపు. కొండముక్కు తిరిగి ఒచ్చెయ్యి. మూడంతస్తుల ఆఫీసుంది సూడు, దాని ఎనకాలకి." అంతే, రెండు ముక్కలు. నేరుగా ముద్రల విభాగం కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, దొడ్డికెల్లాల."

"స్టాఫుకి మాత్రమే" అన్నారు హైమావతమ్మ గారు అలవాటుగా. తర్వాత తలెత్తి అతని ముఖం చూశారు. తల దించుకుని రిజిస్టరులో రాసుకుంటూనే సొరుగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "కిటికీకి ఊచల్లేవు. జాగ్రత్త" అన్నారు.

ఐదు నిమిషాలైంది. పదైంది. ఎల్లాజీ రాలేదు. పర్యవేక్షకుడు "రెండువందల పధ్నాలుగు!" అని అరవసాగాడు. చూసొస్తానని చెప్పి నేను లోపలికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. కిటికీ తెరిచి ఉంది. చెప్పులు కిటికీ కింద పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

బయట సముద్రం ఉంది. ఏడెనిమిది నెలలైంది నేను దాన్ని చూసి, రోజూ అక్కడికే వస్తూ. ఎండకి మెరుస్తోంది, మా వెధవ వేషాలేవీ దానికి పట్టనట్టే ఉంది. ఎల్లాజీ చొక్కా విప్పి తలకి చుట్టుకుని నడుంలోతు నీళ్లలో ఉన్నాడు. నీలం ఫైబరు బోటు ఒకటి కొండముక్కు చుట్టి బుడబుడమంటూ వస్తోంది. ఎంత బాగుందో చెప్పలేను.

పరాంకుశం గారు నా భుజం మీంచి తొంగి చూశారు. ఒక్క కేక పెట్టారు.

"ఆపండి! సముద్రమును చూడకుండగనే సముద్రములోనికి దిగుచున్నాడు!"

ఆ కేకకి ఆఫీసంతా పరిగెత్తుకొచ్చింది. ముద్రలవాళ్లు, అలలవాళ్లు, ప్రతినిధి వీక్షకులు, వాళ్ల వెనకాల బల్లల మీది ప్రయాణికులు, అందరూ ఆ కాస్త మరుగుదొడ్డి కిటికీ దగ్గర తోసుకుంటున్నారు. "అరె, సముద్రం ఇక్కడుందా!" అని ఒకావిడ పిల్లాణ్ణి ఎత్తి చూపిస్తోంది. అలల విభాగంలో చేరి ఆరు నెలలైన కుర్ర గుమస్తా మొదటిసారి అలని చూసి చప్పట్లు కొట్టాడు. పరాంకుశం గారు కిటికీకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డారు.

"దయచేసి ఎవ్వరును చూడవద్దు! ఇది అనధికారిక సముద్రము! దీనిని చూచినచో ముద్ర వేయబడదు!"

ఆయన చంకలోంచి చూస్తే బోటు తిరిగి వెళ్తోంది. ఎల్లాజీ అందులో నిలబడి మాకు చెయ్యూపుతున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, అట్టపెట్టె డిక్కీలోనే ఉంది. అందులో రత్నానికి మేనమామ పెట్టే చీర ఉందని దారిలోనే చెప్పాడు. ఒక్క పరుగున కారెక్కాను. ఊరి తోరణం దగ్గర, టాక్సీల్లో ముద్రలు తనిఖీ చేసే సెక్యూరిటీవాడు ఆపాడు.

"పాసింజరెవరూ లేరేటి?"

"లేరు. పెట్టె ఒక్కటే."

"పెట్టె ఇమానంలో ఒచ్చిందేటి?"

"ఒచ్చింది."

"సముద్రం సూసిందేటి?"

నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. అతను పుస్తకం తిరగేసి, సామాన్ల ఉత్తర్వు వచ్చే నెల ఒకటో తారీఖునుంచని చూసుకుని గేటెత్తాడు.

గవ్వలపాలెం చేరేసరికి పదకొండూ ముప్పై ఎనిమిది. పెట్టె చంకలో పెట్టుకుని ఇసకలో పరిగెత్తాను. పందిరి ముందు జనం రెండుగా చీలి దారిచ్చారు. ఎల్లాజీ వస్తున్నాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఉంది, ఒంటి మీదనుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. భుజానికెత్తుకున్న బుట్టలో రత్నం కూర్చుంది. ఇంకో ఇద్దరు చెయ్యి వెయ్యబోతే మోచేత్తో తోసేశాడు. ఆ పిల్ల ఏడుస్తోంది, నవ్వుతోంది, పసుపు చేత్తో మేనమామ ఎడమ ముంజేతిని గట్టిగా పట్టుకుని, "తడిపేస్తన్నావు మావా, తడిపేస్తన్నావు" అంటోంది. పోలమ్మ నా చేతిలోంచి పెట్టె లాక్కుని, చీర తీసి కూతురి ఒళ్లో పడేసి, నా ముఖం రెండు చేతుల్తో నిమిరింది. నేనెవరో కూడా ఆవిడకి తెలీదు. నాకు కళ్లనీళ్లాగలేదు. అన్నం తినకుండా పంపనన్నారు, నేనూ పెద్దగా కాదనలేదు.

తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. నాకు తాఖీదు వచ్చింది. ముద్ర లేని వ్యక్తిని గమ్యస్థానానికి చేర్చానా లేదా అని అడిగారు. చేర్చలేదు, సముద్రమే చేర్చింది అని రాసిచ్చాను. ఆ సమాధానం మీద ఏం చెయ్యాలో తెలియక ఫైలు అభ్యంతరాల విభాగంలో పెట్టారు, అక్కడే ఉంది. మరుగుదొడ్డి కిటికీ ఇటుకలతో కట్టించేశారు. మూడు నెలలకి పాత నిపుణులు ముగ్గురూ మళ్లీ వచ్చారు, బల్లల మీద కూర్చున్నారు, ఫ్లెక్సీని ఇరవై నిమిషాలూ చూశారు. మా ఊరికి మొదటి ర్యాంకు వచ్చింది. ఒక్క సూచన మాత్రం రాశారు. భవనం వెనకనుంచి ఎడతెగకుండా ఏదో హోరు వస్తూ ప్రశాంత దర్శనానికి భంగం కలిగిస్తోందనీ, దాన్ని వెంటనే ఆపించాలనీ. పరాంకుశం గారు ఆ పని మీదే ఉన్నారు.

కానీ నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చేది పెళ్లి మర్నాడు పొద్దున్న సంగతి. ఎల్లాజీని విమానాశ్రయానికి తీసుకెళ్లింది నేనే. వెళ్లేవాళ్ల ముద్ర చూసే గార్డు ద్వారం దగ్గరే ఉన్నాడు. ముద్ర లేకపోతే లోపలికి పంపడు, విమానం పోతుంది, రేపటికి బోటు అందదు.

"చెయ్యి చూపించు."

ఎల్లాజీ నా వంక చూశాడు. నేను చూడనట్టు నిలబడ్డాను. అతను మెల్లగా ఎడమ చెయ్యి చాపాడు. ముంజేతి మీద నీలం ముద్ర లేదు. దాని బదులు నాలుగు వేళ్లూ, ఒక బొటనవేలూ, పసుపుపచ్చగా, చర్మానికి పట్టేసి ఉన్నాయి. రాత్రి స్నానం చేసినప్పుడు ఆ చెయ్యి ఒక్కటీ నీళ్లకి తగలనివ్వలేదని తర్వాత ఫోనులో చెప్పాడు.

గార్డు వంగి చూశాడు. వేలితో రుద్ది చూశాడు. పోలేదు.

"ఇది ఏ కేంద్రం ముద్ర?"

"గవ్వలపాలెం" అన్నాడు ఎల్లాజీ.

"ఆమోదితమేనా?" గార్డు నన్ను అడిగాడు.

"ఆమోదితమే" అన్నాను.

గార్డు రిజిస్టరులో రాసుకుని, పక్కకి జరిగి దారిచ్చాడు.